చెరిపివేసిన చేదుమాట

పూర్వము పశువుల సంతలలో బేరగాండ్రు తువ్వాలు చాటున వ్రేళ్లు పట్టుకొని ధర తేల్చుకొనెడివారు. ధర రహస్యము, ఎద్దు మాత్రము రహస్యము కాదు. అది నలుగురి నడుమ నిలిచి యుండెడిది. పండ్లు చూచువారు, నడిపించి చూచువారు, సుడులు లెక్కించువారు దాని చుట్టును మూగియుండెడివారు. వారిలో ఒక పెద్దమనిషి, "ఈ గిత్తను క్రిందటేడు పొరుగూరివాడు కొని, కాడి క్రింద పండుకొన్నదని తిరిగి తోలివేసినాడు" అని యన్నచో అమ్మువానికి కోపము వచ్చిన రావచ్చును గాని, పలికిన మాటను గాలిలోనుండి తుడిచివేయు ఉపాయము వానికి లేకుండెను. ఆశీలు వసూలుచేయు గుత్తదారునకును లేకుండెను.

నేడు సంత చేతిలోని ఫోనులోనికి వచ్చినది. ఇచట ధర అందరకును తేటతెల్లముగ కనబడును, కనబడనిది ఎద్దే. కొనువానికి దక్కునది ఒక అందమైన బొమ్మ, నాలుగు పొగడ్త వాక్యములు, వాని క్రింద ఐదు నక్షత్రములు. ఆ నక్షత్రముల క్రింద, మునుపు కొన్నవారు వ్రాసిన అనుభవములుండును. సంతలోని పెద్దమనిషి పలుకు స్థానమును ఆక్రమించినవి ఆ వ్రాతలే. కొనువాడు వస్తువును నమ్మి కొనుట లేదు, అమ్మువానిని ఎరిగి కొనుట లేదు. ముందు కొన్న అపరిచితుని మాటను నమ్మి కొనుచున్నాడు. అట్టి మాటను తుడిచివేయు గుడ్డ గుత్తదారు చేతికి వచ్చినది. ఈనాటి ఆన్‌లైన్ అంగళ్ల తగవంతయు ఆ గుడ్డను గూర్చియే.

ఈ పద్ధతి పుట్టుక తెలిసికొనదగినది. 1995 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అను యువకుడు తన కంప్యూటరుపై ఒక వేలముపాటల అంగడి నెలకొల్పెను. తరువాత ఈబే యను పేర లోకప్రసిద్ధమైనది అదియే. అందు తొలుత అమ్ముడుపోయిన వస్తువు చెడిపోయిన లేజరు పాయింటరనియు, దానిని ఒకరు 14 డాలర్ల 83 సెంట్లకు కొనిరనియు చెప్పుదురు. చెడినదని తెలిసియే కొనుచున్నారా యని విచారింపగా, చెడిన పాయింటర్లను కూడబెట్టుటయే తన వేడుక యని కొన్నవాడు బదులిచ్చెనట. కథ కొంత పెరిగియుండవచ్చును. అయినను చెడినదానిని చెడినదని చెప్పి అమ్మిన తొలి బేరముతో ఆ వ్యాపారము ప్రారంభమైనదనుట ఇంపుగానే యున్నది.

ముక్కుమొగ మెరుగనివారు ఒకరికొకరు సొమ్ము పంపుకొనుచు, సరకులు పంపుకొనుచు నుండుటతో తగవులు బయలుదేరినవి. వానిని తీర్చుటకు ఒక్కనికి సాధ్యము కాదు. 1996 ఫిబ్రవరిలో ఒమిడ్యార్ ఒక బహిరంగ లేఖ వ్రాసి, మెప్పు గాని ఫిర్యాదు గాని అందరును చూచునట్లుగనే వ్రాసికొనుడని తన ఖాతాదారులను కోరెను. ఫీడ్‌బ్యాక్ ఫోరము అట్లు వెలసినది. న్యాయాధిపతి తానుగా పీఠము దిగి, తీర్పును ప్రజల కప్పగించుట వంటిది ఆ పని.

ఆ తీర్పు ఎట్లు సాగెను? పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ అను పండితులు 1999 నాటి ఈబే లావాదేవీలను పరిశీలించిరి. కొన్నవారు వ్రాసిన అభిప్రాయములలో నూటికి 99 కి పైగా అనుకూలములే. ప్రతికూలమైనవి నూటికి ఒకటి కూడ లేవు. ప్రపంచమందలి వర్తకులందరు ఒక్కసారిగ హరిశ్చంద్రులైరని దీనివలన అనుకొనుటకు వీలు లేదు. నాటి పద్ధతిలో కొన్నవాడు అమ్మినవానిని గూర్చి వ్రాసినట్లే, అమ్మినవాడును కొన్నవానిని గూర్చి వ్రాయవచ్చును. "నీవు నన్ను చెడ్డవాడందువా? ఇదిగో, నీవును చెడ్డవాడవే" అని బదులు చెంపపెట్టు సిద్ధముగా నుండెడిది. మోసపోయినవాడు తన పరువు కూడ పోగొట్టుకొనుటకు జంకి నోరు మూసికొనెడివాడు. ఆపై ఇరువురును అంగీకరించినచో రెండు వ్రాతలను ఉపసంహరించుకొను ఏర్పాటు కూడ వచ్చెను. అంటే ముందు బదులు దెబ్బ కొట్టుట, పిదప "నీవు తుడిచిన నేను తుడిచెదను" అని రాజీకి పిలుచుట. ఈ రాజీలో మోసమునకు సాక్ష్యము మాయమగును. మోసము మాత్రము మిగులును.

2008 మేలో ఈబే ఈ ముడిని కత్తితో కోసినది. అమ్ముదారులు కొనుగోలుదారులను మెచ్చుకొనుటయే గాని నిందించుట యికమీదట లేదనెను. పరస్పర ఉపసంహరణము కూడ రద్దయ్యెను. ఆ ఏడు ఫిబ్రవరిలోనే రుసుముల మార్పులతో పాటు దీనిని నిరసించుచు కొందరు అమ్ముదారులు ఒక వారము అమ్మకములు మానివేసిరి. వారి కోపములో కొంత న్యాయము లేకపోలేదు. తమ నోటికి తాళము వేసి ఎదుటివాని నోరు తెరచి విడిచిరని వారి వాదము. అయితే ఆ మార్పుతో తగవు స్వరూపమే మారిపోయెను. అంతవరకు చేదుమాటను చెరిపించుకొనుటకు అమ్మువాడు కొన్నవానిని బెదరించుటయో బతిమాలుటయో చేసెడివాడు. ఇకమీదట అంగడి యజమానిని ఆశ్రయింపవలసినవాడయ్యెను. పీఠము దిగిన న్యాయాధిపతి మరల పీఠ మెక్కెను. తేడా యేమనగా, ఈసారి విచారణ తలుపులు మూసి జరుగును.

అమెజాను వారి పద్ధతి మరియొక విధముగా ఆలోచింపదగినది. అచట రెండు చిట్టాలున్నవి. వస్తువును గూర్చి వ్రాయునది ఒకటి, అమ్మినవానిని గూర్చి వ్రాయునది ఒకటి. అమ్మినవాని చిట్టాలో వస్తువును గూర్చి మాత్రమే వ్రాసినచో ఆ వ్రాత తొలగింపబడునని వారి ప్రకటిత నియమము. బూతులు, ఇతరుల స్వంత వివరములు, ప్రకటనలు ఉన్నవియు తొలగింపబడును. ఈ రెండవ జాబితాపై ఎవరికిని ఆక్షేపణ ఉండదు. మొదటిదానితోనే చిక్కు. ఒక గృహిణి పట్టుచీర యని చెప్పగా కొని, ఇంటికి వచ్చినది పట్టు కాకపోగా, అమ్మినవాని చిట్టాలో "ఇది పట్టు కాదు" అని మూడు మాటలు వ్రాసినదనుకొందము. ఇది వస్తువును గూర్చిన మాటయా, అమ్మినవానిని గూర్చిన మాటయా? వ్యాకరణము ననుసరించి వస్తువును గూర్చియే. లోకవ్యవహారము ననుసరించి అమ్మినవాని నిజాయితీని గూర్చియే. పట్టు కానిదానిని పట్టని పలికినది చీర కాదు గదా! ఆ గృహిణికి చిట్టాల తారతమ్యము తెలియవలసిన పని లేదు. ఆమె మోసపోయినది, అందు బాటులోనున్న మొదటి గడిలో చెప్పుకొన్నది. గడి తప్పినందున ఫిర్యాదు తప్పైపోయినది.

ఇదే సంస్థలో వేరొక నియమమున్నది. సరకును అమెజాను గిడ్డంగినుండియే పంపినపుడు, ఆలస్యమైనదనియో పెట్టె నలిగినదనియో కొన్నవాడు వ్రాసినచో, ఆ తప్పు అమ్మినవానిది కాదు గావున ఆ వ్రాతపై అడ్డుగీత గీసి, పంపిణీ బాధ్యత తమదేనని క్రింద వ్రాయుదురు. అమ్మినవాని లెక్కలో అది చేరదు. ఈ అడ్డుగీత చూచుటకు చిన్న విషయమే కాని తొలగింపు కంటె ఎన్నో మడుగులు మేలైనది. వ్రాత చదువవచ్చును, అది ఎందుకు లెక్కకు రాలేదో కూడ చదువవచ్చును, తీర్పు సరియైనదో కాదో చదువరియే నిర్ణయించుకొనవచ్చును. గుమాస్తాలు చిట్టాలో పొరపాటు పడినపుడు చేసెడి పనియు ఇదియే. అంకెను గీకివేయరాదు, గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వేసి, పొట్టిసంతకము పెట్టవలెను. గీకిన చిట్టాను ఏ ఆడిటరును ఒప్పుకొనడు.

మరి అంగడి యజమానులకు గుడ్డపై ఇంత మక్కువ యేల? అమ్మకమైన ప్రతి వస్తువుపైనను వారికి కమీషను ముట్టును. అది ముట్టచెప్పువాడు అమ్ముదారు. కొనుగోలుదారు న్యాయము కోరి వచ్చును. అమ్ముదారు సొమ్ముతో వచ్చును. మండీలోని కమీషను వ్యాపారి రైతు పక్షమున నిలిచి బేరమాడవలసినవాడే అయినను అతని కన్ను కొనుగోలు వర్తకునిపై నుండుట గుంటూరు మిర్చి రైతునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఇచట పక్షములు తారుమారైనవి గాని కన్ను స్వభావము మారలేదు. అయినను యజమాని స్వార్థము పూర్తిగా ఒకవైపే లేదన్నది నిజము. చెడ్డ సరకు పెరిగి నమ్మకము పోయినచో సంతయే ఎత్తిపోవును. మంచిచెడ్డలు కొనువానికి తెలియని బజారులో చెడ్డసరకు మంచిసరకును తరిమివేయునని జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బేరమును ఉదాహరణగా తీసికొని నిరూపించెను. 2001లో ఆయనకు నోబెలు బహుమానము లభించుటకు ఆ పరిశోధనయే కారణము. కాని నమ్మకము పోవుట మెల్లగా జరుగును, కమీషను మాత్రము నేడే ముట్టును. ఈ రెండింటిలో ఏది బరువు తూగునో ఊహింపవచ్చును.

యజమాని నిష్పక్షపాతియే యనుకొన్నను, గుడ్డ పట్టుకొనునది జీతగాడు. 2018 సెప్టెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ప్రచురించిన వార్త ప్రకారము, చైనాలో దలారులు అమెజాను ఉద్యోగులకు లంచమిచ్చి చెడ్డ అభిప్రాయములను తొలగింపించుచుండిరి. ఒక్కొక్క వ్రాతకు వెల సుమారు 300 డాలర్లు. ఆ సంస్థ దర్యాప్తు జరుపుచున్నట్లు ఒప్పుకొనెను. రెండేండ్ల పిదప, 2020 సెప్టెంబరులో, అమెరికాలోని సియాటిల్ నగరమున ఆరుగురిపై నేరారోపణ పత్రము దాఖలయ్యెను. కనీసము పదిమంది ఉద్యోగులకు, కాంట్రాక్టు సిబ్బందికి లక్ష డాలర్లకు పైగా లంచములు ముట్టినవనియు, కొనుగోలుదారుల భద్రతా ఫిర్యాదుల వలన నిలిపివేయబడిన ఆహారపు మాత్రలు, నిప్పంటుకొను ప్రమాదమున్న విద్యుత్ సామగ్రి మరల అంగడి కెక్కినవనియు అందలి అభియోగము. ఆ ఆరుగురిలో ఒకడు మునుపు హైదరాబాదు కార్యాలయమున అమ్ముదారులకు సహాయపడు ఉద్యోగము చేసినవాడు. నేర మంగీకరించిన అతనికి 2022లో పది నెలల కారాగారము, 50,000 డాలర్ల జరిమానా విధింపబడెను. మాధాపురము, గచ్చిబౌలి అద్దాల మేడలలో కూర్చుండి వేల మైళ్ల అవతలి బేరములను చక్కబెట్టు ఉద్యోగము తెలుగు యువకులకు అన్నము పెట్టుచున్నది. దానిని నిజాయితీగ చేయువారే అత్యధికులు. కాని కంచెయే చేను మేయదలచినచో, ఆ చేనికి కాపలా ఎవరును లేరని ఈ ఉదంతము చూపినది. మాట చెరుపు అధికారము ఉన్నచోట ఆ అధికారమునకు ధర ఏర్పడుట అనివార్యము.

ఇక అమ్మువాని గోడు వినవలెను. పోచంపల్లిలోనో మంగళగిరిలోనో ఒక నేతకుటుంబము స్వయముగా చీరలు ఆన్‌లైనులో అమ్ముచున్నదనుకొందము. పదిమంది అభిప్రాయములు వ్రాసిరి. తొమ్మిదిమంది ఐదేసి నక్షత్రము లిచ్చిరి. పదవవాడు, చేనేతలో సహజముగ నుండు చిన్న నూలుముడిని చూచి లోపమనుకొని, ఒక్క నక్షత్ర మిచ్చినాడు. సగటు 4.6 కు దిగినది. వేయిమంది అభిప్రాయములు గల పెద్ద వ్యాపారికి అదే ఒక్క నక్షత్రము వచ్చినచో సగటులో చెమటచుక్క యైనను రాలదు. తెలియక వ్రాసినది, అసూయతో పోటీదారు వ్రాయించినది, "సగము సొమ్ము తిరిగి యిమ్ము, లేదా నీ పేరు చెరిచెదను" అని బెదరించుచు వ్రాసినది, అన్నియు ఆ కుటుంబము నెత్తిననే పిడుగులై పడును. ఇది ఊహామాత్రము కాదు. చెడ్డ అభిప్రాయములు వ్రాయుటనే వృత్తిగా పెట్టుకొని అమ్ముదారులనుండి డబ్బు గుంజిన ముఠాకు 2013లో చైనాలోని హాంగ్జౌ న్యాయస్థానము శిక్ష విధించెను.

అందుచేత తొలగింపు ఎన్నడును కూడదనువారు చిన్న వ్యాపారి కడుపు మంట నెరుగరనవలెను. కాని ఒక సంగతి గమనింపదగియున్నది. తొలగింపు కోరి అర్జీలు పెట్టుట, తిరస్కరించినచో మరల పెట్టుట, నియమములలోని సందులు వెదకుట, వీనికి గుమాస్తాలు కావలెను. పెద్ద వ్యాపారి యొద్ద అట్టివారుందురు. మగ్గము గుంటలో కాళ్లుపెట్టి కూర్చున్నవానికి ఉండరు. చిన్నవాని పేర పుట్టిన రక్షణను పెద్దవాడు అనుభవించుచున్నాడు. నేతకుటుంబమునకు నిజముగ అక్కరకు వచ్చునది ఆ వ్రాత క్రిందనే తన సమాధానము వ్రాసికొను హక్కు. "అది లోపము కాదండి, చేతిమగ్గపు గురుతు" అని ఒక వాక్యము వ్రాసినచో, తరువాత వచ్చు పదిమందికి ఆ చీర మీద గౌరవము పెరుగునే గాని తరుగదు.

చట్టములు ఈ దారిలో తలయొక విధముగ నడచుచున్నవి. అందరికంటె నిక్కచ్చిగా పలికినది చైనా. 2019 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన వారి ఈ-వాణిజ్య చట్టము 39వ అధికరణము, అంగడి యజమాని కొనుగోలుదారుల అభిప్రాయములను తొలగింపరాదని సూటిగ శాసించినది. ఉల్లంఘించినవారికి 20,000 యువాన్లు మొదలు, తీవ్రతను బట్టి 5 లక్షల యువాన్ల వరకు జరిమానా. మాటలు తుడిచివేయుటలో ఆ ప్రభుత్వమునకు గల ప్రావీణ్యము లోకవిదితమే. బహుశా ఆ విద్యలో వేరొకరు పోటీకి వచ్చుట వారికి గిట్టలేదేమో! అమెరికాలో ఫ్యాషన్ నోవా యను వస్త్రసంస్థ నాలుగు నక్షత్రములకు తగ్గిన అభిప్రాయములను ఏండ్ల తరబడి వెలుగు చూడనీయలేదను ఆరోపణపై 2022లో 42 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించెను. వ్యతిరేకాభిప్రాయములను అణచియుంచి, చూపినవే సమస్తమని నమ్మించుట నిషిద్ధమని అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషను 2024లో నియమము చేసెను.

భారతదేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2020 జులైలో ఈ-కామర్సు నియమములు వెలువడినవి. అమ్ముదారు తానే కొనుగోలుదారు వేషము వేసి తన సరకును పొగడుకొనరాదని అందున్నది. ఫిర్యాదుల అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలుపవలెననియు, నెలలో పరిష్కరింపవలెననియు ఉన్నది. అమ్ముదారును గూర్చిన వివరములతోపాటు అతని రేటింగును లేక ఫీడ్‌బ్యాక్ సారాంశమును గూడ అంగడివారు చూపవలెననియు ఉన్నది. 2022 నవంబరులో భారతీయ ప్రమాణముల సంస్థ ఆన్‌లైన్ అభిప్రాయముల సేకరణకు, ప్రచురణకు ఐఎస్ 19000 అను ప్రమాణమును ప్రకటించినది. నిజాయితీ, పారదర్శకత మొదలగు మంచి మాటలన్నియు అందున్నవి గాని వెలువడినపుడు అది ఐచ్ఛికము. ఇష్టమైనవారు మాత్రమే పాటించు తూనికరాయి యెట్టిదో ఏ కిరాణా దుకాణపు గిరాకీ నడిగినను చెప్పగలడు.

2020 నాటి నియమములో లోపమెచ్చటనున్నదో చూడుడు. రేటింగు చూపవలెనన్నది. ఆ రేటింగు ఎన్ని వ్రాతలు తీసివేసిన పిదప మిగిలినదో చూపవలెనని అనలేదు. వేయి వ్రాతలలో నూరు తొలగించి తొమ్మిదివందల సగటు చూపినను నియమము నెరవేరినట్లే. పొట్టు చెరిగి బియ్యము చూపుట వేరు. పురుగుపట్టిన బస్తాలను చాటున దాచి మంచి బస్తా ముందు పెట్టుట వేరు. ఈ రెండింటిని వేరుపరచి చూచు సాధనము కొనువాని చేతిలో లేదు. తన మాట తీసివేయబడినదని వ్రాసినవానికైనను సరిగ తెలియదు. నియమములకు అనుగుణముగ లేదని ఒక ముక్తసరి ఉత్తరము వచ్చును. ఏ నియమమో, ఎవరి అర్జీపైనో, ఎవరు విచారించిరో అందుండదు. తీర్పుప్రతి ఇవ్వని న్యాయస్థానము పైన అప్పీలు చేయుట ఎట్లు?

కోరదగినది పెద్ద సంస్కరణ మేమియు కాదు. తిట్లను తీసివేయవచ్చును, ఇంటి చిరునామాలను తీసివేయవచ్చును, బెదరింపు రుజువైనచో దానిని తీసివేయవచ్చును. తక్కిన వానిని లెక్కనుండి తప్పింపదలచినచో అమెజాను వారి అడ్డుగీత యుండనే యున్నది. తమ గిడ్డంగి తప్పులకు గీయుచున్న గీతను అమ్ముదారుల తప్పులకును గీయవచ్చును. తీసివేసిన చోట ఖాళీ విడువక, ఇచట ఒక వ్రాత యుండెననియు, ఫలానా కారణమున ఫలానా తేదీన తీసివేయబడెననియు ఒక పంక్తి ఉంచవచ్చును. నక్షత్రముల ప్రక్కన ఇప్పుడు ఒక అంకె యున్నది, ఎంతమంది వ్రాసిరో తెలుపునది. దాని చెంత ఎన్ని తీసివేసిరో తెలుపు రెండవ అంకెకు చోటు లేకపోలేదు.